మన వీధి గాలి

బంగారు అమ్మకి,

అక్క దగ్గర నీ దగ్గు తగ్గిందా, ఊపిరి తేలిగ్గా అందుతోందా? ఇక్కడి సంగతి వేరేవాళ్ళ నోట వినకముందే నేనే చెప్పాలని రాస్తున్నాను.

ఫ్యాక్టరీ మేడ మీద, గాలి శుభ్రం చేసే గదిలో కదా నా పని. సోల్డరింగ్ బల్లల మీద తీగలు అతికేటప్పుడు లేచే పొగంతా గొట్టాల గుండా అక్కడికే వస్తుంది. బొగ్గు పొరలు దాటాకే బయటికి పోతుంది. నువ్వు ఆ బల్లల దగ్గర పనిచేసిన రోజుల్లో ఇవేవీ లేవు. బల్ల పక్కన ఒక ఫ్యాను, గోడకు ఒక కన్నం, అంతే. ఆ కన్నం తెరుచుకునేది మన వీధిలోకే. సాయంత్రం నువ్వు గుమ్మంలో అడుగు పెట్టగానే అక్కా నేనూ నీ కొంగు కోసం కొట్టుకునేవాళ్ళం. కాలిన జిగురు వాసన, కాస్త తీపి, కాస్త ఘాటు. ఇప్పటికీ అది ముక్కుకి తగిలితే చాలు, నీ ఒళ్ళో తల పెట్టుకున్నట్టే ఉంటుంది.

మొన్న ఆ గది తలుపు తీయగానే అదే వాసన. ఒక్క క్షణం నువ్వే వచ్చావనుకున్నాను. ఆ వెంటనే అసలు సంగతి తట్టింది. వాసన వచ్చిందంటే బొగ్గు నిండిపోయింది, ఇక పొగను పట్టుకోవడం లేదని అర్థం. కొత్త బొగ్గు ఇంకా రాలేదు. నీ పక్క బల్ల మీద పని చేసిన అత్తే ఇప్పుడు మా సూపర్‌వైజర్.

"గొట్టానికున్న పక్క తలుపు తీసి, పొగను నేరుగా బయటికి వదిలెయ్యవే. ఆర్డరు పోతే అందరి నోట్లో మట్టే" అంది.

"అత్తా, అది పోయేది మన వీధిలోకేగా!"

"మేమంతా పీల్చలేదా? చచ్చామా?"

నీ దగ్గు గుర్తొచ్చింది. వెళ్ళి లైన్ ఆపేశాను.

ఇప్పుడు నాతో ఎవరూ మాట్లాడడం లేదు. క్యాంటీన్‌లో నేను కూర్చుంటే బల్ల ఖాళీ అవుతోంది. మన కడుపు నింపిన ఫ్యాక్టరీ అని నువ్వెప్పుడూ అంటావు. దాన్నే ఆపాను. ఉద్యోగం మానేద్దామనుకుంటున్నాను. కోప్పడకు.

నీ చిన్నది


చిన్నితల్లీ,

నీ ఉత్తరం కంటే ముందే అత్త ఫోను వచ్చింది. "నీ కూతురికి తలపొగరు" అని తిట్టిపోసింది. ఊ కొడుతూ విన్నాను. అంతా కక్కేసింది. తర్వాత ముక్కు చీదుతూ, "దాని మొండితనం నీదేలే. నీ దగ్గు పక్కనే కూర్చుని విన్నదాన్ని, ఆ మాట నా నోట ఎలా వచ్చిందో" అంది. బొగ్గు వచ్చేదాకా లైన్ నడపనని పైవాళ్ళకు తనే తెగేసి చెప్పిందట. నీకు ఎదురుపడడానికి మొహం చెల్లడం లేదట.

ఆ వాసన నీకంత ముద్దా, పిచ్చిపిల్లా? నేను తల రుద్దుకుని స్నానం చేసినా అది పోయేది కాదు. పడుకున్నప్పుడు నీ జుట్టు ముద్దు పెట్టుకుంటే అందులోనూ అదే. పసిదానికి కూడా పట్టిందే అని దిగులుతో నిద్ర పట్టేది కాదు. ఫ్యాక్టరీ మన కడుపు నింపింది, కాదనను. కానీ ఆ పొగ ఎటు పోతోందని అడిగిన మనిషి అప్పట్లో ఒక్కరూ లేరు.

ఉద్యోగం మానకు. నాకు మన ఇంటి మీదికి మనసు మళ్ళింది. ఆదివారం బయలుదేరుతున్నాను, కిటికీ పక్కన మంచం వేసి ఉంచు. "అక్కడి గాలి నీకు పడదమ్మా" అని అక్క ఒకటే గొడవ. "ఆ గాలి చూసుకునేది నా కూతురే" అని చెప్పాను.

నీ అమ్మ