గీత సగం మిగలాలి

కాటన్‌వుడ్ ఫీల్డ్, ఓక్లహోమా
9 అక్టోబరు 2007, మంగళవారం

వెర్లిన్ గారికి,

ముప్ఫయ్యేళ్లలో నిన్ను ఒక్కసారీ ‘గారు’ అనలేదు. ఇవాళ అంటున్నానంటే నాకెంత కోపంగా ఉందో తెలుసుకో. నీ మోకాలి నొప్పి తగ్గిందనీ, గోధుమ విత్తడం పూర్తయిందనీ తలుస్తాను. వీటాను అడిగానని చెప్పు. మర్యాదలు అయిపోయాయి.

నా విమానం ప్రొపెల్లరుకు గొలుసు కట్టి తాళం వేయడానికి నువ్వెవరు?

ఆదివారం హ్యాంగర్ తలుపు తీసేసరికి, నా ఓరినూ నేనూ పదకొండేళ్లు రేకు రేకు అతికి కట్టుకున్న విమానం స్తంభానికి కట్టేసిన గేదెలా ఉంది. తాళం నీ ట్రాక్టరు షెడ్డుది, నేను గుర్తుపట్టలేననుకున్నావా? ఒళ్లు మండిపోయింది. మూడుసార్లు ఫోన్ చేస్తే మూడుసార్లూ మీ ఆవిడ వీటానే ఎత్తి, ఆయన పొలంలో ఉన్నారంది. ఆదివారం పొద్దున నువ్వు చర్చిలో ఉంటావని ఈ ఊళ్లో కుక్కలకు కూడా తెలుసు. పాపం, ఆవిడ చేత కూడా అబద్ధం ఆడించావు.

శనివారం చేసింది చాలలేదా? మన విమానాల ఫీల్డులో వారం వారం ఫలహారానికి చేరే పదిహేనుమంది పాన్‌కేకులు తింటూ ఉండగా కాఫీ కప్పు కింద పెట్టి, నెల్డమ్మా, ఆ ఇంజనుతో నువ్వు ఎగరకు, ఓరిన్ చెయ్యి జారింది, వెనక హౌసింగ్ పెట్టెలో పొగదారి మరీ అరగదీసేశాడు, గోడ పల్చబడిపోయింది, అది మార్చేదాకా ఆగు అన్నావు. ఇక హాస్కెల్ ఊరుకుంటాడా? పోనీలే వదినా, కారు ఇంజనును మళ్లీ కారులోనే పెట్టేసుకో, అది ఆగిపోతే కనీసం దిగి నడిచి రావచ్చు అన్నాడు. అందరూ విరగబడి నవ్వారు. నువ్వు నవ్వలేదు, నిజమే. ఆపనూ లేదు.

ఓరిన్ చెయ్యి జారిందా? పోయిన నా మొగుడు లేచివచ్చి జవాబు చెప్పడనేగా నీ ధైర్యం! ఈ ఫీల్డులో అందరికన్నా ముందు, పిస్టన్లు లేకుండా మూడు మూలల దిమ్మె గిరగిరా తిరిగే ఆ కారు ఇంజనును తెచ్చి విమానానికి బిగించింది ఎవరు? కారుకు చాలే ఊపిరి విమానానికి చాలదని, పొగ పోయే రంధ్రం పై అంచును చేతి గ్రైండరుతో పెంచడం నీకు నేర్పింది ఎవరు? ఆ అంచు వెనకాలే ఇంజనును చల్లబరిచే నీళ్లుంటాయి. గోడ చిట్లితే నీళ్లు పోతాయి, నీళ్లు పోతే గాల్లోనే ఇంజను పోతుంది. అది నాకు ఓనమాలలాగా నేర్పిన మనిషి ఆయన. నీలిరంగు పూసి, అరగదీయాల్సిన మేరకు సూదితో గీత గీసి, గీత సగం మిగలాలి నెల్డా, గీత చెరిగితే చెయ్యి ఆగాలి, ఇంకో గీత గీయకూడదు అనేవాడు. పని అయ్యాక చేసినవాళ్లు తమ పేరు మొదటి అక్షరం దానిమీద చెక్కాలని ఈ ఫీల్డులో ఆచారం పెట్టిందీ ఆయనే. తప్పయినా ఒప్పయినా పేరు చెప్పుకోవాలి అనేవాడు.

ఆ ఇంజనులో దిమ్మెలు తిరిగే హౌసింగ్ పెట్టెలు రెండు, వాటిలో ఒకటి నేను చేశాను. ఏది ముందు పెట్టాడో, ఏది వెనక పెట్టాడో నాకు తెలియదు. నాదాన్ని ఆయనే వేలితో తడిమి చూసి భేష్ అన్నాడు. ఇక ఆయన చేసినదానికి వంక పెట్టేవాడు ఇంకా పుట్టలేదు.

నీకు బాగా తెలుసు, ఈ నెలాఖరుతో పైలట్‌గా నా వైద్య పరీక్ష కాగితం గడువు తీరిపోతుంది. అరవై తొమ్మిదేళ్ల ఈ గుండెకు ఇంకో కాగితం ఇవ్వనని డాక్టరు మొహం మీదే చెప్పాడు. ఈలోగా ఆ విమానాన్ని నేను ఎగరేయకపోతే, ఇక ఈ జన్మలో లేదు. తెలిసి కూడా గొలుసు వేశావు చూడు, అదే నాకు కడుపు మంట.

శుక్రవారంలోగా తాళంచెవి నా పోస్టు డబ్బాలో ఉండాలి. లేదంటే నా దగ్గర ఇనుము కోసే కత్తెర ఉంది. ఓరిన్ శవపేటికకు భుజం పట్టినవాడివి, ఏడాది తిరక్కుండానే ఆయన పేరుకు మసి పూస్తావా? ఇక నా గడప తొక్కకు.

నీ స్నేహితురాలినో కాదో నాకే తెలియని,
నెల్డా

తా.క. బుధవారం సాయంత్రం. నీ మాట అబద్ధమని రుజువు కూడా ఇందులో రాసి పంపుదామని హ్యాంగర్‌కు వెళ్లాను. పొగ గొట్టం విప్పడానికి నీ గొలుసు అడ్డం రాలేదు. నీళ్లదారిలోకి చేతి పంపుతో గాలి కొట్టి, అద్దం పెట్టి, లైటు వేసి చూశాను. ముందు హౌసింగ్ పొడిగా ఉంది. గీత సగం మిగిలే ఉంది. పక్కనే ఓరిన్ అక్షరం.

వెనకదాంట్లో పై అంచున ఒక చుక్క ఊరింది. తుడిచాను. మళ్లీ ఊరింది. అక్షరం ఉండాల్సిన చోట కొత్తగా ఆకురాయి పెట్టి గీకిన మెరుపు ఉంది.

అది నాది కదా వెర్లిన్. నా పేరు గీకేసి, ఆయన పేరు చెప్పావు.

మేం ఆ హౌసింగ్‌లు అరగదీసిన చలికాలం, పని మధ్యలో నా చెయ్యి తగిలి రంగు చెరిగిపోయింది. నేను మళ్లీ నీలం పూసి, అప్పటికే అరిగిన అంచునుంచి కొలిచి ఇంకో గీత గీశాను. ఓరిన్‌కు చెప్పలేదు. భేష్ అన్న ఆ వేళ్లకు, మందుల వల్ల మొద్దుబారి, అప్పటికి చొక్కా గుండీ తగిలినా తెలిసేది కాదు. ఆ గుండీలు పెట్టింది నేనే. నాకు తెలుసు.

తాళంచెవి పంపకు. నెలాఖరు పోతే పోనీ. వేరే పాత హౌసింగ్ ఎక్కడైనా దొరికితే పట్టుకురా. గ్రైండరు నువ్వు పట్టు, లైటు నేను పట్టుకుంటాను, ఎగరేసేది కూడా నువ్వే. శనివారం అందరి ముందూ లేచి నిలబడి అది నా పనేనని చెబుతాను, హాస్కెల్ ఎంత నవ్వుకుంటాడో నవ్వుకోనీ.

పైన తిట్టినవేవీ కొట్టేయలేదు. నేను రాసినవే, ఉండనీ. హౌసింగ్ మీద నా అక్షరం మళ్లీ చెక్కాను, ఈసారి లోతుగా. ఆకురాయి పట్టుకుని దాని దగ్గరికి వచ్చావో, చేతులు విరిచేస్తాను.