బాణం మళ్లీ పైకే

కరీంనగర్, సోమవారం

బాపూ, దండం.

పరీక్షలయ్యేదాకా హాస్టల్లో ఫోన్లు తీసుకున్నారు. అందుకే ఈ కాగితం మంథని బస్సు కండక్టరు చేతికిస్తున్నాను. నా పరీక్ష మైక్రోకంట్రోలర్ మీద. అంటే మనం చెప్పింది చేసే చిన్న చిప్పు. కంప్యూటర్లో డబ్బాలు గీసి బాణాలు కలిపితే దానికి ప్రోగ్రాం తయారవుతుంది. నేను మన పొలం కాడి హౌజునే గీశాను, వెనక చూడు. హౌజు నిండిందా? లేదంటే మోటరు వేయి. నిండితే ఆపు. మళ్లీ మొదటి డబ్బాకు పో. శుక్రవారం శ్రీహరి సార్ చూసేదాకా ఇది ఆగకుండా నడవాలి. నడిస్తేనే పాస్. నాకు చాలా భయంగా ఉంది.

నీ బిడ్డ,
నర్మద

తా.క.: వేళకు తింటున్నానని అవ్వకు చెప్పు. నిజం కాదు గాని, కన్నతల్లి కదా, చెప్పు.

మంథని, బుధవారం

బిడ్డ నర్మదకు బాపు బాలమల్లు దీవెనలు.

ఫికర్ చేయకు. నీ కాగితం అందిన కాడి నుంచి మోటరు కాడనే ఉన్న. హౌజు నిండంగనే ఆపుతున్న, నీళ్లు పొలానికి పారంగనే మళ్ల వేస్తున్న. ఆఖరి డబ్బా కాడికి పోతే బాణం మళ్ల పైకే పట్టుకపోతుంది. ఇంటికి పొమ్మన్న డబ్బా కోసం కాగితం తిప్పి తిప్పి చూసిన, దొరకలే. మీ అవ్వ రమ్మంటే "నేనాగితే పోరి ఫెయిలైతది" అన్న. గప్పటి సంది నాతోని మాట్లాడుతలేదు. శుక్రవారం దాక నన్ను ఎవ్వరు కదిలియ్యలేరు. మీ సారు ఏ బస్సుకు వస్తడో అడుగు.

బాపు

తా.క.: నిద్రపోయే డబ్బా నువ్వు మరిచినవా, సారే వద్దన్నడా?

కరీంనగర్, గురువారం

బాపూ,

నీ ఉత్తరం చదవగానే ఇది రాస్తున్నాను. అది నీకు కాదు, చిప్పుకు. నడవాల్సింది కంప్యూటర్ తెర మీద. అక్కడ హౌజూ బొమ్మే, నీళ్లూ బొమ్మే. దాన్ని సిమ్యులేషన్ అంటారు. సార్ మన పొలానికి రాడు. ఇది అందగానే ఇంటికి పో. నీకేమన్నా అయితే నాకీ పాస్ ఎందుకు? రేపే పరీక్ష, డబ్బాల నడుమ నువ్వే కనబడుతున్నావు.

నర్మద

తా.క.: అవ్వా, నువ్వన్నా బాపును లేపి ఇంటికి తీసుకపో.

మంథని, శనివారం

బిడ్డా,

నీ ఉత్తరం అందేసరికే నేను ఇంట్ల ఉన్న. బుధవారం పొద్దుగూకంగ మీ అవ్వ దేవవ్వ మోటరు కాడికి వచ్చి, నా చేతుల కాగితం గుంజుకొని ఇంకో డబ్బా గీసింది: "ఆకలైతుందా? అయితే ఇంటికి నడువు." అది నీ రాత కాదని నాకెరుకే. అయినా లేచి పోయిన. నా ఆకలికి నువ్వు ఫెయిలైనవనుకొని, నీ ఉత్తరం వచ్చేదాక ముద్ద దిగలే. నిన్న మీ సారు ఫోన్ చేసి పాసైనవని చెప్పిండు. నన్ను జర పండుకోమన్నడు కూడ. నడుమ నడుమ నవ్వుడెందుకో ఆయనకు.

బాపు

తా.క.: నువ్వు వేళకు తింటలేవని నోరు జారిన. మీ అవ్వ గా డబ్బానే నీకు గీసి పంపుతుంది, వెనక చూడు. "లేదు" అనేటందుకు ఆమె బాణమే గీయలే.