శనివారం ఓవర్‌టైమ్

హెర్న్‌డన్, 1983 నవంబరు, శనివారం రాత్రి

నెల రోజులుగా ఈయనకి శనివారాలు ఓవర్‌టైమ్. కాలర్ మీద ఎర్రటి మరక చూపిస్తే, "ప్రింటర్ ఇంకు అంటిందిలేవే" అన్నారు. నమ్మినట్టు ఊరుకున్నాను.

ఈ మధ్యాహ్నం పక్కింటి అమెరికన్ ఆవిడ నన్ను కాలేజీలో ఫ్రెంచ్ కామిక్ ఒపేరాకి, అంటే పాటలతో నడిచే హాస్యనాటకానికి, తీసుకెళ్ళింది. రాజు, భటుడి వేషంలో ఎదురుగా తిరుగుతున్నా, కట్టుకున్న రాణి పోల్చుకోలేదు. ఇదెక్కడి చోద్యమని నవ్వుకున్నాను. అంతలో గడ్డాల భటుల్లో ఒకడి కాలు కింద పడివున్న పుస్తకానికి తగిలింది. అతను చటుక్కున వంగి దాన్ని తాకి, వేళ్ళు కళ్ళకద్దుకున్నాడు. అదీ ఆటలో భాగమనుకుని హాలంతా నవ్వింది. నాకు నవ్వు ఆగిపోయింది. పక్కనున్న దాసి వేషంలోని అమ్మాయి అతని భుజం మీద చెయ్యేసింది.

భోజనాల దగ్గర, "ఆఫీస్‌లో పనయిందా?" అని అడిగాను.

"ఎక్కడ! నెక్స్ట్ శాటర్‌డే కూడా వెళ్ళాలి."

ఆయన చెవి కింద గడ్డం అంటించిన జిగురు ఇంకా మెరుస్తోంది. పెరుగు వడ్డించాను.

ఈయన నా దగ్గర దాచింది పాటనా, ఆ అమ్మాయినా?

వచ్చే శనివారం ముందు వరుసలో కూర్చుంటాను. మా పెళ్ళి ఆల్బమ్ స్టేజీ అంచున, ఆయన కాలికి తగిలేలా పెడతాను. కళ్ళకద్దుకుంటారో లేదో చూడాలి.