మీరు వద్దన్న పసుపు

మీరు పోయి నేటికి ఏడాది. సంవత్సరీకానికి ముందే ఇంటికి రంగు వేయిద్దామని పెయింటర్ మస్తాన్‌ను పిలిపించాను. పెళ్లయిన కొత్తలో నేను మామిడిపండు రంగు అడిగితే మీరు ఏమన్నారో గుర్తుందా? "పసుపు చూస్తే నాకు తలకాయ నొస్తాది. మన కర్నూలు ఎండకు నీలమే సల్లగుంటాది." ఇరవై రెండేళ్లు నీలం గోడల మధ్యే బతికాను. మీరు లేకపోయినా మీ మాట దాటబుద్ధి కాక, మొన్న కూడా నీలమే వేయమన్నాను.

మస్తాన్ గోడ గీకుతూ నవ్వాడు. "అదేందక్కా, అన్నకు పసుపంటే శానా ఇష్టం కదా! నందికొట్కూరు ఇంటికి ఎప్పుడూ అదే ఏయించినాడు. ఆడ చిన్నక్క అడిగిందని."

నందికొట్కూరులో మనకు ఇల్లు లేదు.

నా ముఖం చూసి అతని చెయ్యి ఆగిపోయింది. "నీకు తెలుసనుకుంటిని అక్కా" అన్నాడు మెల్లగా.

ఆమె పేరు నేను అడగలేదు. షేడ్ కార్డు తీసుకుని, అందులో అన్నిటికన్నా ముదురు పసుపు మీద వేలు పెట్టాను.

ఈరోజు ఇల్లంతా పసుపే. మీ ఫోటో హాల్లో, నాలుగు గోడలూ కనిపించేచోట తగిలించాను. తలకాయ నొస్తే ఓర్చుకోండి.