నువ్వు మడిచిపెట్టిన పేజీ తర్వాత

వరలక్ష్మీ,

నువ్వు వెళ్లి నేటికి ఏడాది. సైన్యం గద్దెనెక్కినందుకు మన పబేడాన్ పేట వీధుల్లో ఊరేగింపులు, వాటి వెనక సైనికులు. మన మసాలా కొట్టు తెరవక వారమైంది. ఇంటర్నెట్టూ ఆపేశారు. దినపద్దులో రాయడానికేమీ లేక, దేవుడి అరలోంచి నీ వ్రతం పుస్తకం తీశాను. లక్ష్మీదేవి క్యాలెండరు కాగితంతో నువ్వు అట్ట వేసినదే. దానిమీద ఏడాదిగా రోజూ పువ్వు పెడుతున్నాను.

లోపల వ్రతకథ లేదు. ఒక వితంతువు, ఒక పడవవాడు, వాన. మూడో పేజీకే ఆమె జాకెట్టు తడిసింది. భాగవతం తప్ప కథలు చదవని నేను మూసేద్దామనుకున్నాను. అంతలో, సగం దాటాక, నువ్వు మడిచిన పేజీ కనిపించింది. ఆసుపత్రికి వెళ్లేముందు నువ్వు ఆగింది అక్కడేనన్నమాట. ఆపైన ఏమైందో నీకు తెలియదు.

నిన్న నీ స్నేహితురాలు సత్యవతి వచ్చింది.

“బావా, నా వొరతం బుక్కు ఇచ్చీ. ఆడోలది, నీకేటి పని?”

“సదవతన్నాను.”

“ఓలమ్మో! ఎందాక సదివినావు?”

“తెడ్డు విరిగినకాడికి.”

“అయితే అసలుది ఇంకా రానేదు,” అంటూ నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది.

“అయినాక ఇస్తాను,” అన్నాను.

ఈరోజు పూర్తిచేశాను. ఆ పడవవాడు మరీ వాగుడుకాయ, కానీ మాట తప్పలేదు. తిరిగొచ్చాడు. ఊరంతా చూస్తుండగానే ఆమె తలుపు తీసింది. ఆ తర్వాతి మూడు పేజీలు ఇక్కడ రాయను. నీ ఫొటో ముందు కూర్చుని పైకే చదివాను. ఒక్క మాటా వదల్లేదు.