ఇంట్ల ముచ్చట

జులై 8, సోమవారం
మా బిడ్డ హిమశ్రీ స్కూల్ నుంచి వచ్చి బ్యాగ్ గూడ దించలే. సీదా మా మామ ముంగట నిలవడ్డది. రెండు వారాలు దాటి దగ్గు ఉంటే తెమడ టెస్ట్ చేయించాలె, మందులు ఫ్రీ, సిగ్గు పడొద్దు అని వాళ్ల మేడం చెప్పిందంట. నాలుగో క్లాస్ పిల్ల, డాక్టర్ లెక్క చెప్పింది. మామ నవ్విండు. ముప్పై ఏండ్లు బట్ట నేసే సాంచాలు నడిపినోనికి దగ్గు రాక ఏమొస్తది, అంత కార్ఖానల దుమ్ము అన్నడు. నేను గూడ నవ్విన. చీరలకు స్టోన్లు అతికిస్తున్న. తల ఎత్తలే.

జులై 11
హిమ, తాత దగ్గు ఎన్ని రోజులాయె అని క్యాలెండర్ మీద గీతలు పెడుతుంది. మా ఆయన పరుశురాం చూసి ఆ కాగితం చింపిండు.

జులై 16, సాయంత్రం 5
ఇంటింటికి తిరిగి జబ్బులు రాసుకునే ఆశా వర్కర్ వచ్చింది, గుజరాతీల ఆశా బెన్ అంటరు. ఇంట్ల ఎవరికన్న దగ్గు ఉందా అని అడిగింది. లేదు అన్న. హిమ నా ఎనుకనుంచి గుజరాతీల చెప్పింది, తాతకు ఉంది, నెల దాటింది అని. బెన్ రాసుకుంది. తెమడ కోసం డబ్బీ ఇచ్చి పోయింది.

బెన్ మెట్లు దిగినంక మా ఆయన హిమను కొట్టిండు. ఒక్కటే దెబ్బ. చెంప మీద వేళ్లు తేలినయ్. టీబీ అని తెలిస్తే మకాన్ మాలిక్ రూమ్ ఖాళీ చేయిస్తడు, మనింట్ల ఎవ్వరు మంచినీళ్లు గూడ తాగరు అన్నడు. నేను ఆపలే. తర్వాత పక్కన కూసోబెట్టుకొని మెల్లగ చెప్పిన, "ఇంట్ల ముచ్చట బయట చెప్పొద్దు బిడ్డా."

తల ఊపింది.

డబ్బీ చెత్తల పారేసిన.

ఆగస్ట్ 20
హిమ ఇప్పుడు తన జడ తనే వేసుకుంటుంది. నన్ను ముట్టనిస్తలే. పెద్దగైంది అని ఎదురు రూమ్ సంగీతకు గొప్పగ చెప్పుకున్న.

సెప్టెంబర్ 3
మామ రక్తం కక్కిండు. ఆటోల సర్కార్ దవాఖానకు తీస్కపోయినం. టీబీ. రెండు ఊపిరితిత్తులు ఖరాబ్. డాక్టర్ తెలుగాయనే, శరత్ అని. రెండు నెలల ముందు తెచ్చినా ఇంత దాక రాకపోతుండె అన్నడు. ఇంట్ల చెప్పేటోళ్లే లేరా అని అడిగిండు.

సెప్టెంబర్ 12
మామ పోయిండు.

సెప్టెంబర్ 24
ఇంట్ల అందరికి టెస్టులు. డాక్టర్ హిమ జడ పక్కకు జరిపిండు. మెడ మీద రేగుపండంత గడ్డ. దాని కింద ఇంకొకటి.

ఎన్ని రోజులైంది అని అడిగితే హిమ నా దిక్కు చూసింది. చెప్పాల్నా వద్దా అని నన్ను పర్మిషన్ అడుగుతుంది. చెప్పు అన్న. రాఖీ ముందటి నుంచి అన్నది. జ్వరం గూడ వస్తుండెనంట. నాకెందుకు చెప్పలే అంటే, "చెప్తే రూమ్ పోతదని నాన్న అన్నడు గదా" అన్నది. ఏడుస్తలే. పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది.

మా ఆయన బయటకు పోయి గోడకు ఆనుకొని కూసున్నడు. తన కుడి చేయి తను చూసుకుంటుండు.

సెప్టెంబర్ 30
రిపోర్ట్ వచ్చింది. హిమకు టీబీ గడ్డలే. ఆరు నెలలు మందులు. నయమైతది అన్నడు డాక్టర్. మూడుసార్లు అడిగిన. మూడుసార్లు అదే చెప్పిండు.

అక్టోబర్ 9
సంగీతకు నేనే చెప్పిన. మీ పిల్ల మా మామ దగ్గర ఆడుకునేది, జర టెస్ట్ చేయించు అన్న. సరే అక్కా అన్నది. పొద్దుమూకి చూస్తే వాళ్ల తలుపు మూసి ఉంది. ఆ తలుపు మూసి ఉండంగ ఎన్నడు చూడలే.

స్కూల్‌కు పోయి మేడంకు గూడ చెప్పిన. ఇన్ని రోజులు స్కూల్‌కు ఎందుకు రాలేదంటే, ఊరికి పోయినమని హిమ చెప్పిందంట. ఆ అబద్ధం మేమెవ్వరం నేర్పలే. జులైల ఆ పాఠం చెప్పినప్పుడు అందరికంటె ఎక్కువ ప్రశ్నలు అడిగింది మీ పిల్లనే అన్నది మేడం.

అక్టోబర్ 15, పొద్దున 7
హిమకు మందులిచ్చిన. తలుపు తెరిచే ఉండనీ బిడ్డా, అన్న. గోళీలు అరచేతిల పట్టుకొని లేసింది. తలుపు మూసింది. గడియ పెట్టింది. కిటికీ గూడ మూసింది. అప్పుడు నోరు తెరిచింది.