అత్తయ్యకు మిగిలిన మాట

మార్చి 4, సోమవారం

ఆసుపత్రి నుంచి అత్తయ్యను ఇంటికి తెచ్చి నలభై రోజులు. పక్షవాతం ఆవిడ మాటలన్నీ ఊడ్చుకుపోయి ఒక్కటి వదిలింది. కెన్. సరే, అలాగే అనడానికి సింగపూర్‌లో వాడే ఇంగ్లీషు మాట. టోవా పాయోలో కొట్టు పెట్టి ముప్పై ఏళ్లు చేప ఉండల నూడుల్స్ అమ్మిన మనిషి. కారం ఎక్కువ వేస్తారా అంటే కెన్, పార్సిల్ కడతారా అంటే కెన్. రోజూ వెయ్యిసార్లు అన్న మాట కాబట్టి అదే అతుక్కుపోయిందేమో అంది స్పీచ్ థెరపిస్టు. తలాడించినా నమ్మొద్దట, అవునూ కాదూ తారుమారవుతాయట.

మార్చి 6

నాకు మాత్రం తెలుస్తోంది. పొట్టిగా తుంచితే సరే. సాగదీస్తే నొప్పి. వెంటవెంటనే రెండుసార్లంటే బాత్రూమ్, పరుగెత్తాలి. ముక్కుతో అంటే గంజిలో ఉప్పు తక్కువైందని నన్ను దెప్పడం. ఆ దెప్పుడు పక్షవాతానికి కూడా లొంగలేదు. గొంతు దించి, చివర గాలి వదిలేస్తే వద్దని. చచ్చినా వద్దని.

మా ఆయన కోక్ వీకి అన్నీ ఒకేలా వినిపిస్తాయి. సొంత కొడుకు!

మార్చి 9, శనివారం

నడుము పట్టేసింది. నిన్న ఆవిడను లేపబోయి ఇద్దరం బాత్రూమ్‌లో కూలబడ్డాం. నా సెలవు ఈ నెలాఖరుతో సరి. నర్సింగ్ హోమ్ మాట ముందు ఎత్తింది నేనే. కోక్ వీ కాదు. ఇక్కడైనా నిజం రాసుకోవాలి.

మార్చి 12, ఉదయం 11

నర్సింగ్ హోమ్ నుంచి ఒకావిడ కాగితాలతో వచ్చింది. మంచం ఒకటే ఖాళీ ఉందట. అమ్మ ఒప్పుకుంటేనే సంతకం పెడతానని కోక్ వీ మొండికేశాడు. అమ్మ ముందు కూర్చుని, చెయ్యి పట్టుకుని అడిగాడు. అత్తయ్య నన్నే చూస్తూ అన్నారు. గొంతు దించి, చివర గాలి వదిలేసి.

కోక్ వీ నావైపు తిరిగాడు. “అమ్మ మాట నీకే తెలుస్తుంది కదా. ఏమంటోంది?”

“సరే అంటున్నారు,” అన్నాను.

సంతకం పెట్టేశాడు.

సాయంత్రం 4

అన్నం సహించలేదు. పెళ్లయిన కొత్తలో మధ్యాహ్నం ఆఫీసు నుంచి అత్తయ్య కొట్టుకే తినడానికి వెళ్లేదాన్ని. ఇసకేస్తే రాలనంత జనం. అయినా పక్క బల్ల దగ్గర ఒక కుర్చీలో టిష్యూ పొట్లం ఉండేది, నా కోసం. ఈ సింగపూర్‌లో టిష్యూ పొట్లం పెట్టిన చోట మంత్రి వచ్చినా కూర్చోడు. ఆవిడ నాతో ముద్దుగా ఒక్క మాట అన్నది లేదు. చోటు మాత్రం ఉంచేవారు.

మార్చి 15

చెప్పెయ్యాలి.

మార్చి 16

చెప్పలేదు.

మార్చి 18, సోమవారం, ఉదయం 9

పదింటికి నర్సింగ్ హోమ్ వ్యాన్ వస్తుంది. పొద్దుట్నుంచీ అత్తయ్య నోరు విప్పలేదు. కావాలనే ఉప్పు వేయకుండా గంజి ఇచ్చాను, దెప్పుతారేమోనని. మాట్లాడకుండా తాగేశారు.

10.40

లిఫ్ట్ దాకా వెళ్లాక ఆవిడ కళ్లజోడు గుర్తొచ్చి వెనక్కొచ్చాను. మంచం మీద, తలగడకు సరిగ్గా మధ్యలో, టిష్యూ పొట్లం. ఆడే ఆ ఒక్క ఎడమ చేత్తో ఎప్పుడు పెట్టారో!

ఆలస్యమవుతోందని విసుక్కుంటూ కోక్ వీ వచ్చాడు. వచ్చినవాడు గుమ్మంలోనే ఆగిపోయాడు. కొట్టు బల్లల మధ్య పెరిగినవాడు, వేరే చెప్పాలా?

“ఆ రోజు అత్తయ్య వద్దన్నారు. నాకు తెలిసే అబద్ధం చెప్పాను,” అన్నాను.

కోక్ వీ వెళ్లి వ్యాన్‌ను పంపించేసి, అమ్మను చక్రాల కుర్చీలో తోసుకుంటూ లోపలికి తెచ్చాడు.

మార్చి 25

కోక్ వీ అవసరమైతే తప్ప పలకడు. పొద్దున పూట అమ్మ పనులన్నీ తనే చూస్తున్నాడు. నేను సగం రోజు ఉద్యోగానికి మారాను. అత్తయ్య తనతో కెన్ అంటున్నారు, నాతో అనడం లేదు. నొప్పి అంటే తను బాత్రూమ్‌కు తోసుకెళ్తున్నాడు. నన్ను అడగడు. నేనే వెళ్లి మందు రాస్తున్నాను.

ఏప్రిల్ 2

మధ్యాహ్నం ఇంటికొచ్చాను. బల్ల దగ్గర నా కుర్చీలో టిష్యూ పొట్లం. అత్తయ్య కిటికీలోకి చూస్తున్నారు.

కూర్చున్నాను.

గంజిలో ఉప్పు తక్కువైందట.